మూడింటికే తెల్లారే ఇల్లు

జెనెటిక్స్ ల్యాబుల్లో కొత్తగా చేరే పిల్లల కోసం మీ అనుభవం ఒకటి రాసివ్వండి అని మా పాత డిపార్ట్‌మెంటు వాళ్ళు అడిగారు. విజయాల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు కనుక, నేను భిలాయిలో సుపేలా అనే పేటలోని ఒక ఇంటి గురించి రాస్తాను. ఆ ఇంటి విషయంలో మా పరీక్షలు తప్పలేదు. ఫలితం సరిగ్గానే వచ్చింది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

నేను పుట్టి పెరిగింది భిలాయిలోనే. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటులో పనికొచ్చి, సెక్టారు క్వార్టర్లో మమ్మల్ని పెంచాడు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. చదువయ్యాక రాయపూర్‌లో ఒక పరిశోధన సంస్థలో చేరి, నెహ్రూ నగర్ నుంచి రోజూ బస్సులో వెళ్ళివస్తూ అక్కడే రిటైరయ్యాను. రక్తంలోంచి డీఎన్‌ఏ తీయడం, గొట్టాల మీద నంబర్లు అంటించడం, పరీక్షల్లో పాల్గొనే కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి మాట్లాడటం నా పని. చివరిది ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. అందుకని అది నాకే మిగిలేది.

రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు మా ప్రొఫెసర్‌గారు నిద్ర మీద ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. మన ఒంట్లోని కణాల్లో గడియారంలాంటి ఏర్పాటు ఒకటి ఉంటుంది. కొన్ని జన్యువులు కొన్ని ప్రోటీన్లను తయారుచేయిస్తాయి. అవి బాగా పోగుపడ్డాక వెనక్కి వచ్చి ఆ జన్యువులనే ఆపేస్తాయి. అవి కరిగిపోయాక మళ్ళీ మొదలు. ఈ చుట్టు పూర్తవడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. మనకు ఎప్పుడు నిద్ర రావాలి, ఎప్పుడు మెలకువ రావాలి అన్నది చాలావరకు దాన్నిబట్టే నడుస్తుంది. ఆ జన్యువుల్లో ఎక్కడో ఒక్క అక్షరం మారితే చాలు, చుట్టు త్వరగా తిరిగేస్తుంది. అటువంటి మనిషికి దీపాలు పెట్టేవేళకే నిద్ర ముంచుకొస్తుంది. లోకమంతా గాఢనిద్రలో ఉండగా మెలకువ వచ్చేస్తుంది. తల్లికో తండ్రికో ఈ మార్పు ఉంటే, పిల్లల్లో ఒక్కొక్కరికీ రావడానికి ఎంత అవకాశమో రాకపోవడానికీ అంతే. అలాంటి కుటుంబాల కోసం మేం వెతుకుతున్నాం.

ఈ కుటుంబం మాత్రం మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. వచ్చింది కొడుకు. ముప్పై దాటిన మనిషి, సన్నగా, కళ్ళ కింద నల్లగా. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో క్రేన్ ఆపరేటరు. సుపేలాలో ఏదో క్లినిక్కులో డాక్టరు మా ప్రాజెక్టు సంగతి చెప్పాడట. ల్యాబు వరండాలో నిలబడి, నేను తెలుగుదాన్నని తెలియగానే ఒక్కసారిగా మాటలు కుమ్మరించాడు.

"మేడమ్, మా ఇంట్లో అందరికీ ఈ బీమారీ ఉంది. మా నాన్నకుంది, మా అక్కకుంది. పొద్దు కుంకితే నిలబడలేరు. రాత్రి మూడింటికి లేచిపోతారు. నేనూ మూడింటికే లేస్తాను. సాయంత్రమైతే నాకూ కళ్ళు మూసుకుపోతాయి. టెస్టు చేసి చెప్పండి మేడమ్. ఇది ఖూన్‌లో ఉందని చెప్పండి."

ఎందుకంత పట్టుదల అని అడిగాను. చెప్పాడు. రెండు నెలల కిందట, రెండో షిఫ్టులో, సాయంత్రం చీకటిపడే వేళ, క్రేన్ క్యాబిన్‌లో కూర్చుని లోడ్ దించుతూ కునుకు తీశాడు. రెప్పపాటు. కింద గొలుసులు తగిలించే ఖలాసీ పాదం మీద ఇనుము పడింది. ఆ ఖలాసీ దుర్గ్ దగ్గర పల్లెటూరి ఛత్తీస్‌గఢీ మనిషి. రోజూ ఇతనితో ఒకే డబ్బాలో అన్నం తినేవాడు. కాలి వేళ్ళు తీసేశారు. మిల్లువాళ్ళు ఇతన్ని సస్పెండు చేసి విచారణ పెట్టారు.

"నౌకరీ పోతే పోనీ మేడమ్. వాడి ముందుకెళ్ళి నిలబడి ఏదో ఒకటి చెప్పాలి కదా నేను. నా చేతిలో లేదు భాయ్, నా రక్తంలో ఉంది అని చెప్పాలి."

మా దగ్గరికి జనం జబ్బు లేదని చెప్పించుకోవడానికి వస్తారు. ఉందని చెప్పమని వచ్చినవాడు నా సర్వీసులో ఇతనొక్కడే.

వాళ్ళ ఇల్లు సుపేలా మార్కెట్ వెనక సందులో. రెండు గదులు, పైన సిమెంటు రేకులు. తండ్రి ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో చేసి రిటైరయ్యాక ఆ ఇల్లు కొన్నాడు. తల్లి పోయి చాలాకాలమైంది. అక్క పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయి తిరిగొచ్చింది. బ్లౌజులు, స్కూలు యూనిఫారాలు కుట్టేది. ముందుగదిలో ఒక గోడకి ఆమె కుట్టుమిషను, ఇంకో గోడకి తమ్ముడి మంచం. లోపలి గదిలో తండ్రి. వంటకి వెనకాల చిన్న పంచ.

తండ్రి నన్ను చూసి నవ్వాడు. శ్రీకాకుళం మాట ఇన్నేళ్ళయినా ఆయన నోట్లో చెక్కుచెదరలేదు.

"ఏటమ్మా, నా నిద్ర మీద సదువులా? తొంగున్నోడి దగ్గర సదవడానికి ఏటుంటాది?"

"మీరు పెందలాడే ఎందుకు లేస్తారో తెలుసుకుందామని, మావయ్యా" అన్నాను. మా నాన్న తరంవాళ్ళని అలా పిలవడం మాకు అలవాటు.

"ఎందుకేటి? మనిషన్నోడు సూర్యుడికన్నా ముందు లెగాల. కోక్ ఓవెన్లలో అన్నేళ్ళు సేసినాను, ఒక్కనాడు లేటు నేదు. ఫస్టు షిఫ్టు ఎవులికీ ఒద్దంటే నాకిచ్చీండని అడిగి తీసుకునీవోడిని. ఈడిని సూడండి. నాను కేకలెయ్యందే మంచం దిగడు. సోంబేరి."

కొడుకు తలొంచుకుని నా సంచిలోంచి గొట్టాలు తీసి బల్ల మీద పేరుస్తున్నాడు. ఆ మాట ఎన్నివేలసార్లు విన్నాడో, మొహంలో చలనమే లేదు.

అక్కని అడిగితే, "నాకూ అంతే దీదీ. చిన్నప్పట్నుంచీ. అత్తోరింట్లో నన్ను మెచ్చుకున్నారంటే ఈ ఒక్కదానికే" అంది. ఆమె వేళకాని వేళ మేలుకోవడాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. ఆడమనిషి అందరికన్నా ముందు లేస్తే దానికి ఇంకో పేరు పెడతాం మనం.

ముగ్గురి రక్తం తీసుకున్నాం. ముగ్గురి మణికట్లకూ కదలికలు కొలిచే పట్టీలు కట్టాం. ఒక సాయంత్రం ఉమ్మి పరీక్ష పెట్టాం. నిద్రకి ముందు ఒంట్లో ఒక హార్మోను పెరుగుతుంది. అది ఉమ్మిలో కనిపిస్తుంది. వెలుతురు తగిలితే అణిగిపోతుంది కనుక మసక వెలుగులో తీయాలి. ఎండ ఉండగానే కిటికీలకి దుప్పట్లు కట్టి, ఒక చిన్న బల్బు పెట్టి, నలుగురం నేలమీద కూర్చున్నాం. కాసేపటికోసారి ముగ్గురూ గొట్టాల్లో ఉమ్మాలి.

"ముసిలితనంలో ఈ ఉమ్మడాలేటమ్మా" అని తండ్రి ఒకటే నవ్వు. బయట మార్కెట్లో ఇంకా ఆటోల హారన్లు మోగుతుండగానే ఆయన తల వాలిపోయింది. ప్రతి గొట్టానికీ భుజం తట్టి లేపాల్సి వచ్చింది. అక్క గోడకానుకుని కళ్ళు తెరిచి ఉంచడానికి తనని తనే గిల్లుకుంటోంది. తమ్ముడూ ఆవలిస్తూనే ఉన్నాడు. అతని ఆవలింత చూసి నేను లోపల సంతోషించాను కూడా. ఇతనికీ ఉంది, ఇతను కోరుకున్నది దొరుకుతుంది అనుకున్నాను.

పట్టీల్లో నమోదైంది కూడా అలాగే ఉంది. రోజూ మూడు ప్రాంతంలో ముగ్గురి గీతలూ ఒక్కసారే లేస్తున్నాయి. కొడుకు ఆలస్యంగా పడుకోవడం షిఫ్టుల వల్లే అనుకున్నాం. మా ప్రొఫెసర్‌గారు చూసి, "ముగ్గురికీ ఉన్నట్టే" అన్నారు. ఆయన కేరళ మనిషి. మృదువుగా మాట్లాడతారు. ఎవరి మీదా గొంతు పెంచగా నేను వినలేదు.

ఉమ్మి ఫలితాలు వచ్చినప్పుడు మొదటి చిక్కు వచ్చింది. తండ్రికీ అక్కకీ ఆ హార్మోను మధ్యాహ్నం ముగియగానే పెరగడం మొదలైంది. కొడుకుది మేం గొట్టాలు మూసి బయలుదేరే వేళకి కూడా కదల్లేదు. గొట్టాలు తారుమారయ్యాయేమో అనుకున్నాం. నంబర్లు అంటించింది నేనే కనుక, మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇంకోసారి వెళ్ళి మళ్ళీ తీశాం. మళ్ళీ అదే.

తర్వాత జన్యువుల ఫలితం వచ్చింది. ఆ కంప్యూటరు పని చూసే సహోద్యోగి ఒకాయన ఉండేవాడు. ఒడిశా నుంచి వచ్చాడు. ఏ వార్తయినా టీ కప్పుతోనే మోసుకొచ్చేవాడు. ఆ రోజు రెండు కప్పులు తెచ్చి ఒకటి నా ముందు పెట్టాడు. అలా పెట్టాడంటే వార్త మంచిది కాదని మా అందరికీ తెలుసు.

"నాన్నకుంది. అక్కకుంది. మీ క్రేన్ ఆయనకి లేదు" అన్నాడు.

"సరిగ్గా చూశారా?"

"మీరు అలా అడుగుతారనే రెండుసార్లు చూశాను."

ప్రొఫెసర్‌గారు మాత్రం ఉత్సాహపడ్డారు. ఆ ఉత్సాహంలో తప్పేమీ లేదు. పరిశోధకుడు అలాగే ఉంటాడు. "ఒకే రక్తం, ఒకే ఇంటి కప్పు, ఒకే తిండి. ఇద్దరిలో ఉంది, ఒకరిలో లేదు. ఇంతకన్నా మంచి పోలిక మనకెక్కడ దొరుకుతుంది?" అన్నారు. వంశవృక్షం బొమ్మలో మార్పు ఉన్నవాళ్ళని నల్లగా నింపుతాం, లేనివాళ్ళని ఖాళీగా వదిలేస్తాం. తండ్రి నల్ల చదరం, అక్క నల్ల వృత్తం. కొడుకు ఖాళీ చదరం. దాన్ని చూస్తూ కూర్చుంటే నాకు ఆ వరండాలో నిలబడ్డ మనిషి కనిపించాడు.

పట్టీలో అతనికీ మూడింటికే ఎందుకు మెలకువ వస్తోందని నేను అడిగాను. "అలవాటు అయి ఉంటుంది" అన్నారు. మాలో ఎవరం దాని గురించి ఇంకా ముందుకి ఆలోచించలేదు. మేం వెతుకుతున్నది జన్యువుల్లో. దొరికింది కూడా అక్కడే.

ఫలితం తెలుసుకోవాలనుకున్న వాళ్ళకి ఒక్కొక్కరికీ విడిగా చెప్పాలని నియమం. ఒక ఆదివారం మధ్యాహ్నం నేనూ మా ప్రాజెక్టు డాక్టరుగారూ వెళ్ళాం. కూలరు గడగడమని తిరుగుతోంది. విడివిడిగా చెబుతామని అంటే కొడుకు నవ్వాడు.

"మేడమ్, ఈ ఇంట్లో విడిగా అనేది ఎక్కడుంది? ఒకరు దగ్గితే ముగ్గురికి వినిపిస్తుంది. అందరి ముందే చెప్పండి."

మిగిలిన ఇద్దరూ సరే అన్నారు. తండ్రితో మొదలుపెట్టాను. ఆయన ఒంట్లో గడియారం పుట్టుకతోనే ముందు నడుస్తోందని, పెందలాడే లేవడం ఆయన పట్టుదల వల్ల వచ్చింది కాదని, అక్షరం మారడం వల్ల వచ్చిందని తేలిక మాటల్లో చెప్పాను. ఆయన మొహం మెల్లిగా మారింది.

"అంటే... నాను లెగడం నా గొప్ప కాదా?"

"గొప్ప అనీ కాదు, తప్పు అనీ కాదు మావయ్యా. మీ ఒళ్ళు అలా పుట్టింది."

"మరి గుంటకీ?"

"ఆమెకి మీ నుంచే వచ్చింది."

ఆయన కూతురి వైపు ఓసారి చూసి నేల చూశాడు. ఆ తర్వాత కొడుకు ముందుకి వంగాడు. పరీక్ష ఫలితం కోసం బోర్డు దగ్గర నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు.

"నాకు?"

"మీలో ఆ మార్పు లేదు" అన్నాను. ఎన్ని రకాలుగా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను. నోటికి వచ్చింది ఇదొక్కటే. "మీ గడియారం మామూలుదే. నిజానికి కాస్త ఆలస్యంగానే నడుస్తుంది."

అతను చిన్నగా నవ్వాడు.

"అచ్ఛా. అయితే నాన్న చెప్పిందే నిజం. సోంబేరినే." ఆ నవ్వుతోనే తన అరచేతులు చూసుకున్నాడు. "వాడి కాలు నేనే తీసేశాను. గల్తీ నాదే."

డాక్టరుగారు హిందీలో ఏదో సర్దిచెప్పబోయారు. జన్యువులో లేనంత మాత్రాన తప్పు అతనిదని కాదు, నిద్ర రావడానికి వంద కారణాలుంటాయి అన్నారు. అతను వినడం లేదు. నాకేమీ తోచక, మా ప్రశ్నల్లో లేని ప్రశ్న ఒకటి అడిగాను.

"రోజూ మూడింటికి మీకు మెలకువ ఎలా వస్తుంది?"

అతను చెప్పకూడదు అన్నట్టు తల తిప్పుకున్నాడు. చెప్పింది అక్క. ఆమె మాట వింటుంటే, మాకు చెబుతోందో తనకి తనే చెప్పుకుంటోందో తెలియలేదు.

"నేనే కదా దీదీ. మూడింటికి మిషనెక్కుతాను. ఆ టైములోనే పని బాగా అవుతాది నాకు. ఆడు ఆ మంచం మీదే తొంగుంటాడు. దుప్పటి మొహం మీదికి లాక్కుంటే నిద్రపోతన్నాడనుకున్నాను."

మిషనుకీ మంచానికీ మధ్య రెండు చేతుల దూరం. మిల్లు నుంచి అతను ఇల్లు చేరి, తిని, కన్ను మూసేసరికి దాదాపు అర్ధరాత్రి. మూడింటికి మిషను చప్పుడు. ఆ వెంటనే లోపలి గదిలో దీపం, తండ్రి దగ్గు, స్టవ్వు, బాల్చీ, రేడియో. ఆ తర్వాత "లెగు, లెగు" అని కేకలు. మిల్లులో మనిషి తక్కువైన రోజున రెండో షిఫ్టు మీద ఇంకో షిఫ్టు. ఇలా ఎన్నో ఏళ్ళు. ముందునడిచే ఇద్దరి గడియారంతో నడిచిన ఇంట్లో, వెనకనడిచే గడియారం ఉన్నవాడు ఒక్కడు.

"ఎప్పుడైనా ఒక మాట అనచ్చు కదరా" అంది అక్క.

"ఛోడ్ అక్కా, వదిలెయ్" అన్నాడు. "ఏమంటాను? మూడింటికి లేపారని అంటే ఈ ఇంట్లో నవ్వుతారు."

తండ్రి లేచి వెనక పంచలోకి వెళ్ళాడు. మేం బయలుదేరేదాకా రాలేదు.

మేం చేయగలిగింది చేశాం. అతనికి ఎన్నాళ్ళుగానో నిద్ర చాలడం లేదని, వరస షిఫ్టులు దాన్ని ఇంకా పాడుచేశాయని డాక్టరుగారు రాసిచ్చారు. విచారణలో అది అతనికే ఎదురు తిరిగింది. ఇంట్లో నిద్ర లేకపోతే అది మా పూచీ కాదు, నిద్ర లేదని తెలిసి క్రేన్ ఎక్కడం మరీ తప్పు అన్నారు మిల్లువాళ్ళు. ఉద్యోగం పోయింది. రక్తంలో ఉందని రాసి ఉంటే ఏమనేవారో నాకు తెలీదు. బహుశా అప్పుడూ పంపేసేవారే. కాని అతను తలెత్తుకుని వెళ్ళేవాడు.

ఖలాసీ ఇంటికి వెళ్ళావా అని ఒకసారి అడిగాను. వెళ్ళానన్నాడు. "ఏం చెప్పావు?" అంటే, "ఏం చెప్పలేదు మేడమ్. వాడు టీ పెట్టించాడు. తాగి వచ్చేశాను" అన్నాడు.

ఫలితం చెప్పాక మళ్ళీ కట్టిన పట్టీలు నెలా నెలన్నర తర్వాత వెనక్కి తీసుకోవడానికి వెళ్ళేసరికి అక్క మిషను పంచలోకి మారింది. రేకుల కింద మధ్యాహ్నం ఎండలో కుడుతోంది. చెమటకి గుడ్డ తడవకుండా తువ్వాలు చుట్టుకుంది. సాయంత్రం ప్రకాశవంతమైన దీపం ముందు కూర్చుంటే గడియారం కాస్త వెనక్కి జరుగుతుందని మేం ఒక దీపం ఇచ్చాం. కొన్నాళ్ళు కూర్చుంది. కొంచెం గుణం కనిపించింది. తలనొప్పి వస్తోందని మానేసింది.

"మరి పొద్దున్నే లేచి ఏం చేస్తున్నారు?" అన్నాను.

"ఏటి సేస్తాను దీదీ. మెలకువొచ్చినా కదలకుండా తొంగుంటన్నాను. ఊపిరి కూడా మెల్లిగా తీసుకుంటన్నాను. నాన్నా అంతే. రేడియో ఎట్టడం మానేసినాడు. ముగ్గురం సీకట్లో కళ్ళు తెరుసుకుని ఉంటన్నాం."

"ముగ్గురా? మీ తమ్ముడు నిద్రపోవడం లేదా?"

ఆమె గుమ్మం వైపు చూసింది. అతను అక్కడే నిలబడి ఉన్నాడు.

"వాళ్ళిద్దరూ నాకోసం శవాల్లా పడుకున్నారని తెలిసి నాకెలా నిద్ర పడుతుంది మేడమ్?"

ఆ నెల దాటకుండానే అతను ఇల్లు వదిలాడు. పోట్లాడి కాదు. ఒక ఆటో అద్దెకి తీసుకుని, ఆటోస్టాండు దగ్గర ఇంకో ఇద్దరు డ్రైవర్లతో కలిసి గదిలో ఉన్నాడు. దుర్గ్ స్టేషన్లో ఆలస్యంగా దిగే ప్రయాణికులని తిప్పేవాడు. పొద్దెక్కేదాకా పడుకునేవాడు. అతని ఒంటికి సరిపడే వేళలు బతుకులో మొదటిసారి దొరికాయి. కళ్ళ కింద నలుపు కూడా తగ్గింది. నేను సుపేలాలో దిగినప్పుడు కనిపిస్తే పలకరించేవాడు. ఇంటికి వెళ్ళావా అంటే మాత్రం మాట మార్చేవాడు.

ఈలోగా మా పని ఒక సైన్సు పత్రికలో అచ్చయింది. ప్రొఫెసర్‌గారు పాలకోవా పేడాలు పంచారు. నా పేరూ చివర్న ఉంది. మా ఒడిశా సహోద్యోగి బొమ్మలో ఖాళీ చదరం మీద వేలుపెట్టి, "ఇతను లేకపోతే మన పేపరు లేదు" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ పేడా నేను సంచిలో వేసుకుని బస్సులో ఎవరికో ఇచ్చేశాను.

ఆ ఏడు వానలు వెళ్ళాక, ఒకరోజు తెల్లవారుతుండగా నెహ్రూ నగర్లో మా ఇంటి గేటు తీస్తే తండ్రి బయట గట్టు మీద కూర్చుని ఉన్నాడు. సుపేలా నుంచి నడిచి వచ్చాడట. ఎప్పుడొచ్చారంటే, "సేపయినాది. నువ్వు లెగలేదని పిలవనేదు" అన్నాడు.

టీ ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"అమ్మా, ఆడు సోంబేరి కాదని నువ్వొకమాట ఆడితో సెప్పాల."

"నేను చెప్పాను మావయ్యా. డాక్టరుగారూ చెప్పారు."

"మీరు సెప్పడం కాదు. నాను సెప్పమన్నానని సెప్పు. నా నోటికి రావట్లేదమ్మా. అన్నేళ్ళు ఒకటే మాట అన్న నోరు. అదేదో నా గొప్పనుకుని ఆడిని కాల్సుకు తిన్నాను."

ఆ వారమే స్టాండుకి వెళ్ళి చెప్పాను. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"ఆయన నోటితో చెప్తే వింటాను మేడమ్" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో.

ఆ మాట మోసుకుని మళ్ళీ తండ్రి దగ్గరికి వెళ్ళాను. ఈ వయసులో, ఇంత చదువుకుని, రెండు వీధుల మధ్య తండ్రీకొడుకుల కబుర్లు మోయడం ఏమిటని నాకే నవ్వొచ్చింది. ఆయన తలూపాడు.

"నిజమే. నానే ఎల్లాల. కానీ ఎప్పుడెల్లనమ్మా? నాను లెగిసే యేళకి ఆడు తొంగుంటాడు. నాను మళ్ళీ ఎల్లి లేపాలా? ఇన్నాళ్ళూ లేపింది సాల్దా?"

"మధ్యాహ్నం వెళ్ళండి."

"మద్దేనం స్టాండులో ఆడి పక్కన పదిమంది. సాయంత్రమయితే ఒక్కడే ఉంటాడట." వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకున్నాడు. "మద్దేనం బాగా తొంగుంటే సాయంత్రం ఆగగలనేమో. ఆగుతాను."

తర్వాత నాకు కబురేమీ తెలీలేదు. నా రిటైర్మెంటు పనుల్లో పడ్డాను. చలికాలం మొదట్లో అక్క ఫోన్ చేసింది. తండ్రి గుండె ఆగి పోయాడు. వేకువనే లేచి టీ పెట్టుకుని, అది తాగకుండానే.

వెళ్ళేసరికి దహనం అయిపోయింది. కొడుకు గుండుతో ముందుగదిలో కూర్చున్నాడు. అక్క లోపల బంధువులతో ఉంది. నేను పక్కన చాప మీద కూర్చున్నాను. అడగకుండా ఉండలేక అడిగాను.

"నాన్న నీ దగ్గరికి వచ్చారా?"

"వచ్చాడు మేడమ్. దీపావళికి ముందు. చీకటిపడుతోంది. తలకి మఫ్లరు, ఇస్త్రీ చొక్కా. వచ్చి ఆటో వెనక సీట్లో కూర్చున్నాడు, సవారీకొచ్చిన ప్యాసింజరులాగ. ఎక్కడికి నాన్నా అన్నాను. ఎక్కడికీ కాదురా, నీతో మాటుంది, కూర్చో అన్నాడు. నేను ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి కూర్చున్నాను. బాబూ అన్నాడు. ఎప్పుడూ అలా పిలవలేదు నన్ను. తర్వాత మాటలు వెతుక్కుంటున్నాడు. నేను ఆగాను. చూస్తూండగానే తల వాలిపోయింది."

అతను గోడవైపు చూస్తూ చెప్పాడు.

"లేపచ్చు మేడమ్. భుజం మీద చెయ్యేస్తే లేస్తాడు. చెయ్యెత్తాను కూడా. లేపలేకపోయాను. మార్కెట్ సద్దుమణిగేదాకా అలాగే ఉండనిచ్చి, మెల్లిగా నడుపుకుంటూ ఇంటికి తెచ్చి, ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టాను. బరువే లేడు. అక్క నిద్రలో ఉంది, తనకీ తెలీదు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాను. మళ్ళీ వస్తాడనుకున్నాను."

"ఆయన ఏం చెప్పడానికి వచ్చారో నీకు తెలుసు కదా బాబూ" అన్నాను.

"తెలుసు మేడమ్" అన్నాడు. "కానీ వినలేదు కదా."